బ్యాంకాక్‌లో కాలినడక: ఏ పూటకు ఏ పేట?

సెలవులకు బ్యాంకాక్ వెళ్లే తెలుగువారిలో చాలామంది నగరాన్ని టూర్ బస్సు కిటికీలోంచి చూసి వస్తారు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్న ఊరు, మనలాగే రోడ్డుకు ఎడమవైపున బండ్లు నడిచే ఊరు, ఎండా చెమటా మనకు కొత్త కాని ఊరు కాబట్టి, నిజానికి అక్కడ నడవడం యూరప్ నుంచి వచ్చినవారికంటే మనకే తేలిక. అయితే నగరమంతా నడిచి చూడటం ఎవరి తరమూ కాదు. నాలుగైదు రోజుల సెలవులో ఏ పేటలో నడవాలో, దేన్ని వదిలేయాలో ముందే తేల్చుకోవలసి ఉంటుంది. పాత రాజధాని రత్తనకోసిన్, చైనావారి పేటలైన యావరాత్, తలాత్ నోయ్, నదికి ఆవలి ఒడ్డున ఉన్న కుడీ చీన్, కొత్త నగరంలోని పార్కులు, ఎత్తు నడకదారులు. కొత్తగా వెళ్లేవారు ఎంచుకోదగినవి ప్రధానంగా ఇవి.

పటంలో ఈ దూరాలు చిన్నవిగానే కనిపిస్తాయి. కానీ బ్యాంకాక్‌లో కిలోమీటరు విలువ వేళను బట్టి మారుతుంది. ఉదయం ఏడింటికి హాయిగా నడిచిన దారే మధ్యాహ్నం ఒంటిగంటకు ప్రాణం తోడేస్తుంది, ఎందుకంటే ఎండకంటే గాలిలోని తేమ, సిమెంటు రోడ్ల నుంచి ఎగసే సెగ మనిషిని ఎక్కువగా కుంగదీస్తాయి. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఆరుబయట నడక పెట్టుకోకపోవడం మంచిది. అందువల్ల ముందు పేటను ఎంచుకుని తరువాత వేళ చూసుకోవడం కంటే, చేతిలో ఉన్న పూటను బట్టి పేటను ఎంచుకోవడమే సరైన పద్ధతి. కింది పోలికంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

రత్తనకోసిన్: పొద్దున్నే వెళ్లగలిగితేనే

చక్రి వంశపు తొలి రాజు, మొదటి రామ, 1782లో రాజధానిని చావో ఫ్రాయా నది తూర్పు ఒడ్డుకు మార్చినప్పుడు వెలసిన పట్టణం ఇది. గ్రాండ్ ప్యాలెస్, దాని ఆవరణలోనే ఉన్న వాట్ ఫ్రా కేవ్ ఆలయం (వాట్ అంటే గుడి), కూతవేటు దూరంలో వాట్ ఫో, నదికి అవతల వాట్ అరుణ్ అన్నీ ఇక్కడే ఉన్నాయి కనుక, ఒక్కరోజే ఉన్నవారు కళ్లు మూసుకుని దీన్నే ఎంచుకుంటారు. ఆ ఎంపిక తప్పు కాదు, కాకపోతే వేళ తప్పితే ఇంత కష్టపెట్టే పేట మరొకటి లేదు. ప్యాలెస్ ఎదురుగా ఉన్న సనామ్ లువాంగ్ మైదానం చుట్టూ నీడ తక్కువ, రాచమార్గంగా వేసిన రాచదమ్నోయెన్ రోడ్డు విశాలం, లోపలి ప్రాంగణాలన్నీ ఎండకు కాగిన రాతిపలకలు.

గ్రాండ్ ప్యాలెస్ ఉదయం ఎనిమిదిన్నరకు తెరుస్తారు, మధ్యాహ్నం మూడున్నరకే లోపలికి పంపడం ఆపేస్తారు. విదేశీయులకు టికెట్ 500 బాత్‌లు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. చీర, చుడీదార్, ప్యాంటు వేసుకున్నవారికి ఇబ్బంది ఉండదు గానీ, నిక్కర్లతో వచ్చిన కుర్రవాళ్లు ఎదురుగా అమ్మే ఏనుగు బొమ్మల పైజామాలు కొనుక్కోక తప్పదు. లోపల అందరూ మరకత బుద్ధుడి కోసం తోసుకుంటారు. ఆ విగ్రహం ఎత్తు 66 సెంటీమీటర్లే కాబట్టి, ఎత్తయిన పీఠం మీద దూరంగా కనిపించి కొందరిని నిరాశపరుస్తుంది. రామాయణం విని పెరిగిన మనకు అసలు సంపద ఆలయం చుట్టూ ఉన్న వసారా గోడల మీద ఉంది. థాయ్ రామాయణమైన రామకియన్ కథ 178 చిత్రాలుగా ఉత్తర ద్వారం దగ్గర మొదలై ప్రదక్షిణంగా సాగుతుంది. లంకకు వారధి కట్టే వేళ రాళ్లను ఎత్తుకుపోయే రావణుని కూతురు, సువన్నమచ్ఛ అనే మత్స్యకన్య, ఆమెను వలచిన హనుమంతుడు అక్కడ కనిపిస్తారు. మన ఇళ్లలో బ్రహ్మచారిగా పూజలందుకునే హనుమంతుడిని ఆ వేషంలో చూసి పెద్దవారు కాసేపు నమ్మలేరు. పిల్లలకు తెలిసిన కథను తెలియని రూపంలో చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు ఆ నగరంలో లేదు. పైకప్పు ఉన్న వసారా కాబట్టి నీడ కూడా దొరుకుతుంది.

ప్యాలెస్, వాట్ ఫో రెండింటిలో ఒకటే చూడగల ఓపిక ఉంటే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితో వెళ్లేవారు వాట్ ఫోను ఎంచుకోవడం మంచిది. టికెట్ 300 బాత్‌లు, సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది, జనం తాకిడి కొంత తక్కువ. శయన బుద్ధుడి విగ్రహం పొడవు 46 మీటర్లు. పాదాల అడుగున ముత్యపు చిప్పతో 108 మంగళ చిహ్నాలు పొదిగి ఉంటాయి. విగ్రహం వెనుక వరుసగా పెట్టిన 108 కంచు పాత్రల్లో భక్తులు ఒక్కో నాణెం వేస్తూ పోతుంటే హాలంతా టింగుటింగుమనే చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంటుంది. అక్కడి నుంచి థా తియెన్ రేవుకు నాలుగడుగులు వేస్తే చాలు, 5 బాత్‌ల పడవ నది దాటించి వాట్ అరుణ్ దగ్గర దింపుతుంది.

ఈ చుట్టుపక్కల ఒక హెచ్చరిక అవసరం. మర్యాదగా పలకరించి, ఇవాళ ప్యాలెస్ మూసేశారు, ఇంకో గొప్ప గుడికి టుక్‌టుక్‌లో చవకగా తీసుకెళతానని చెప్పేవారు గేటు దాకా వెంటపడతారు. ఆ బండి చివరికి ఆగేది నగల దుకాణం ముందో, దర్జీ దుకాణం ముందో. గేటు దగ్గరికి స్వయంగా వెళ్లి చూసుకునేదాకా ఎవరి మాటా నమ్మనవసరం లేదు.

రత్తనకోసిన్ తూర్పు సగం సంగతి వేరు. టూర్ బస్సులు అంతగా ఆగని ఆ భాగం సాయంత్రపు నడకకు బాగుంటుంది. సామ్ యోత్ మెట్రో స్టేషన్‌లో దిగి ఉత్తరానికి నడిస్తే, ఎర్రటి టేకు స్తంభాలతో ఆకాశాన్ని అంటుతున్నట్టుండే పెద్ద ఉయ్యాల, సావో చింగ్ చా, కనిపిస్తుంది. శివుడి రాకను స్వాగతిస్తూ ఒకప్పుడు యువకులు దాని మీద ఊగేవారు, 1935 నుంచి ఆ ఊగడం ఆగిపోయింది. దగ్గరలోనే రాజపురోహితుల దేవస్థానం ఉంది. ధనుర్మాసంలో తమిళ శైవులు పాడుకునే తిరువెంబావైని ఇక్కడి బ్రాహ్మణులు తమ ఉత్సవంలో ఈనాటికీ పఠిస్తారన్నది మనవారిలో చాలామందికి తెలియని సంగతి. బమ్రుంగ్ ముయాంగ్ రోడ్డంతా పూజాసామగ్రి దుకాణాలే. నిలువెత్తు బంగారు రంగు బుద్ధ విగ్రహాలు పసుపు పచ్చని ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని ఫుట్‌పాత్ మీద కొనేవారి కోసం ఎదురుచూస్తుంటాయి. ఆ దారి చివర బాన్ బాత్ అనే చిన్న వాడలో, భిక్షువులు పట్టుకునే పాత్రలను ఎనిమిది రేకులు కలిపి సుత్తితో కొట్టి చేసే కుటుంబాలు ఇప్పటికీ కొన్ని మిగిలాయి. ఎండ తగ్గాక వాట్ సాకేత్ కొండ మూడు వందల పైచిలుకు మెట్లు ఎక్కితే నగరం నలువైపులా కనిపిస్తుంది. గుట్ట చుట్టూ మెలికలు తిరుగుతూ పోయే ఆ మెట్లు నిటారుగా ఉండవు కాబట్టి అరవై దాటినవారు కూడా ఆగి ఆగి ఎక్కగలరు. దిగాక ఆటో వెతుక్కోనక్కరలేదు. కిందనే ఉన్న ఫాన్ ఫా రేవులో సాన్ సేప్ కాలువ పడవ ఎక్కితే కొత్త నగరంలోని సియామ్ మాల్స్ దగ్గరలో దిగవచ్చు. పడవ వేగంగా పోయేటప్పుడు ఆ నల్లటి నీళ్లు మీద పడకుండా పక్కనున్న పట్టా తాడు లాగి పట్టుకోవలసింది మాత్రం ప్రయాణికులే.

యావరాత్ రాత్రికి, తలాత్ నోయ్ ఉదయానికి

పక్కపక్కనే ఉన్న ఈ రెంటినీ ఒకే నడకగా కలిపి చెప్పడం మామూలే. వేళ విషయంలో మాత్రం రెండూ ఉత్తర దక్షిణ ధ్రువాలు. కిలోమీటరున్నర పొడవున్న యావరాత్ రోడ్డు పగటిపూట ఒక ఇరుకైన వ్యాపార వీధి మాత్రమే: బంగారు దుకాణాలు, ట్రాఫిక్, పొగ. సాయంత్రం ఆరు దాటాక నియాన్ బోర్డులు వెలిగి, రోడ్డు వారగా తిండి బండ్లు దిగి, ఫుట్‌పాత్ మీది జనం రోడ్డెక్కి నడిచే సమయంలోనే దానికి ప్రాణం వస్తుంది. సోమవారాలు చాలా బండ్లు పెట్టరు కాబట్టి ఆ రోజు తప్పించుకోవాలి. 2019లో తెరిచిన వాట్ మంగ్‌కోన్ మెట్రో స్టేషన్ ఈ పేట నడిబొడ్డునే ఉంది.

పగలే వెళ్లవలసి వస్తే యావరాత్‌ను వదిలి దానికి సమాంతరంగా పోయే సంఫెంగ్ సందులోకి మళ్లడం మంచిది. ఇద్దరు మనుషులు ఎదురైతే భుజాలు రాసుకునే ఆ సందులో బొత్తాలు, రిబ్బన్లు, చెప్పులు, బొమ్మలు టోకున అమ్ముతారు. మన బేగంబజార్‌లో తిరిగినవారికి అది పరాయి చోటులా అనిపించదు. పైన కప్పేసిన రేకుల వల్ల నీడ ఉంటుంది, కానీ గాలి ఆడదు. మోపెడు సరుకుతో మోటారుసైకిలు వెనుక నుంచి వచ్చినప్పుడు పక్కకు ఒదగడానికి సిద్ధంగా ఉండాలి. సందు పడమటి చివర ఫాహురత్ వస్తుంది. అది పంజాబీల బట్టల బజారు, బంగారు గుమ్మటం ఉన్న గురుద్వారా దానికి గుర్తు.

తలాత్ నోయ్ ఇందుకు పూర్తిగా భిన్నం. నది వెంబడి ఉన్న ఈ చిన్న వాడ పాత ఇంజన్ల విడిభాగాల వ్యాపారానికి పేరు మోసింది. గేర్లు, ఇరుసులు, నూనె కారుతున్న మోటార్లు మనిషెత్తు గుట్టలుగా పోసి ఉంటాయి, ఆ గుట్టల మధ్య నుంచే దారి. వాటి పక్కనే గోడలకు వేసిన రంగుల బొమ్మలు, తుప్పు పట్టి వీధిలోనే స్థిరపడిపోయిన ఒక పాత ఫియట్ కారు, దానితో ఫొటోకు వరుస కట్టిన పడుచువాళ్లు. సో హెంగ్ తాయ్ అనే రెండు శతాబ్దాలనాటి చైనీయుల మండువా ఇల్లు తప్పక చూడదగినది. వాన నీరు పడే నడిమి వాకిట్లో ఇప్పుడు లోతైన ఈతకొలను ఉంది, అందులో నీటి అడుగున ఈదడం నేర్పుతారు. చెక్క చెక్కడాలు, ఎర్ర లాంతర్ల నడుమ ఆక్సిజన్ సిలిండర్లు తగిలించుకున్న మనుషులు నీళ్లలోంచి తేలడం ఆ వాడ స్వభావాన్ని ఒక్క చూపులో చెబుతుంది. ఉదయం ఎనిమిది, పది మధ్య ఇక్కడ నడక హాయిగా ఉంటుంది. చీకటి పడ్డాక దుకాణాలు కట్టేస్తారు కనుక వెళ్లి ప్రయోజనం లేదు.

రెండింటి మధ్యలో ఉన్న వాట్ త్రైమిత్‌లో అయిదున్నర టన్నుల స్వర్ణ బుద్ధుడిని చూడటానికి ఒక అరగంట ఆగవచ్చు. 1955లో విగ్రహాన్ని తరలిస్తుండగా పైపూత పగిలి లోపల బంగారం బయటపడింది.

కుడీ చీన్: తొందర లేనివారికి

ఈ నాలుగింటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన నడక ఇదే, అలాగని మొదటిసారి వెళ్లినవారందరికీ దీన్ని సూచించను. ఇక్కడ చూసి అబ్బురపడే కట్టడాలు తక్కువ. కిలోమీటరు లోపు దూరంలో ఒక చర్చి, ఒక చైనీయుల గుడి, రెండు బౌద్ధాలయాలు, ఒక మసీదు, వాటి మధ్య ఇద్దరు పక్కపక్కన నడవలేనంత సన్నటి గల్లీలు, కిటికీల కింద పూలకుండీలు, అరుగుల మీద పిల్లులు ఉంటాయి. 1767లో అంతకుముందరి రాజధాని అయుత్థయ పతనమయ్యాక, తన పక్షాన నిలిచిన పోర్చుగీసువారికి తాక్సిన్ రాజు ఇక్కడ స్థలం ఇచ్చాడు. వారి సాంతా క్రూజ్ చర్చి ప్రస్తుత కట్టడం 1916 నాటిది. వారి నుంచి మిగిలిన తీపి గుర్తు ఖనోమ్ ఫరాంగ్ అనే చిన్న కేకు. గోధుమపిండి, బాతుగుడ్లు, చక్కెర గిలకొట్టి, పైన ఎండుద్రాక్ష అద్ది, కిందా మీదా నిప్పులు పెట్టి కాలుస్తారు. వెన్న, ఈస్ట్ వేయరు. గుడ్డు తిననివారికి అది పనికిరాదన్నది గుర్తుంచుకోవాలి.

ఈ నడకను పాక్ ఖ్లోంగ్ తలాత్ పూల మార్కెట్ నుంచి మొదలుపెడితే బాగుంటుంది. ఇరవై నాలుగు గంటలూ నడిచే ఆ మార్కెట్‌లో బంతిపూల బస్తాలు, మల్లె మాలలు, తామర మొగ్గలు చూసుకుని నది వైపు రాగానే, వంతెన నడుమ కట్టిన చావో ఫ్రాయా స్కై పార్క్ వస్తుంది. ఎప్పుడో ఆగిపోయిన రైలు పథకం తాలూకు వంతెన ముక్కను 280 మీటర్ల తోటగా మార్చి 2020లో తెరిచారు. రెండు పక్కలా వాహనాలు పోతుండగా మధ్యలో మొక్కల నడుమ నుంచి నది దాటవచ్చు. దిగిన చోటే వాట్ ప్రయూన్ తెల్లటి స్తూపం ఎదురవుతుంది. దాని పక్క కొలనులో తాబేళ్లకు పండ్ల ముక్కలు పుల్లకు గుచ్చి తినిపించడం పిల్లలకు అరగంట పని. అక్కడి నుంచి నది ఒడ్డు వెంబడి చర్చి మీదుగా వాట్ కల్యాణమిత్ దాకా పోవచ్చు.

ఉదయమైనా, సాయంత్రం నాలుగు తర్వాతైనా సరే. తక్కువ నడకలో ఎక్కువ చూడాలనుకునేవారు మాత్రం దీన్ని రెండోసారి వచ్చినప్పటికి ఉంచుకోవచ్చు.

కొత్త నగరం: మధ్యాహ్నాన్ని గడపడానికి

సియామ్ నుంచి చిత్ లోమ్ దాకా స్కైట్రైన్ పట్టాల కిందే ఎత్తు నడకదారి ఉంది. పైన నీడ, కింద ట్రాఫిక్‌తో పని లేదు, ఎటు తిరిగినా ఏసీ మాల్‌లోకి ద్వారం. ఎండ మండే పూట నడవగల దారి నగరంలో ఇదొక్కటే అనుకోవచ్చు. పథుమ్‌వాన్ కూడలిలోని కళా కేంద్రానికి ప్రవేశ రుసుము లేదు. చిత్ లోమ్ దగ్గర 1956లో ప్రతిష్ఠించిన నాలుగు ముఖాల బ్రహ్మ గుడి ఉంది. బ్రహ్మకు గుళ్లు అరుదైన మన దేశం నుంచి వెళ్లినవారికి అక్కడి జనసందోహం వింతగా తోస్తుంది.

సాయంత్రానికి లుంపినీ పార్క్ ఉంది. రెండున్నర కిలోమీటర్ల చుట్టుబాట, చెరువు గట్టున నింపాదిగా పాకే ఉడుములు, ఆరుగంటలకు జాతీయ గీతం వినబడగానే పరుగెత్తేవారు సైతం ఉన్నచోటే నిలబడిపోవడం. మనమూ ఆగాలి. అక్కడి నుంచి 1.3 కిలోమీటర్ల పచ్చ వంతెన మీదుగా బెంజకిట్టి పార్క్‌కు చేరవచ్చు. పాత పొగాకు కర్మాగారం స్థలంలో 2022లో సిద్ధమైన చిత్తడి వనం అది. ఇవి నగరవాసుల తీరిక వేళను చూపిస్తాయే తప్ప నగర చరిత్రను చెప్పవు. రెండు రోజులే ఉన్నవారు వీటికి పూట కేటాయించనవసరం లేదు.

ఎవరితో వెళుతున్నారు?

చంటిపిల్లల బండి తోసుకుంటూ వెళ్లేవారు పార్కులు, సియామ్ నడకదారి మినహా మరేదీ ఎంచుకోకూడదు. పాత పేటల ఫుట్‌పాత్‌లు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, కరెంటు స్తంభాలు, తిండి బండ్లు అడ్డం వస్తాయి, కదిలే పలకల కింద నిలిచిన వాన నీరు అడుగు పడగానే ప్యాంటు మీదికి చిమ్ముతుంది. జీబ్రా గీతలున్నా బండ్లు ఆగుతాయన్న నమ్మకం లేదు కాబట్టి, స్థానికులు దాటేటప్పుడు వారి పక్కనే దాటడం క్షేమం. వీధుల నంబర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పెద్ద రోడ్డుకు ఒక వైపు బేసి సంఖ్యల సోయ్‌లు, అంటే పక్క వీధులు, మరో వైపు సరి సంఖ్యలవి ఉంటాయి, రెండు వైపులా లెక్క సమానంగా సాగదు. సుఖుమ్‌విత్ రోడ్డు మీద 55వ సోయ్‌కి ఎదురుగా ఉండేది 38వ సోయ్. హోటల్ చిరునామా చూసి దగ్గరే కదా అని నడక మొదలుపెట్టేవారు దీన్ని మరిచిపోకూడదు.

శాకాహారులకు యావరాత్ రాత్రి చూడటానికి బాగుంటుంది, తినడానికి కష్టం. కూరగాయల వేపుడులోనూ చేపల ఉప్పునీరు, నామ్ ప్లా, పడుతుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో జే అని రాసి ఉన్న దుకాణం కనిపిస్తే నిశ్చింతగా తినవచ్చు. అందులో మాంసం, చేప, గుడ్డు, పాలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు కాబట్టి దీక్షలో ఉన్నవారికీ సరిపోతుంది. అలాంటివి చైనావారి పేటలోనే ఎక్కువ. పప్పు, రొట్టె కావాలంటే ఫాహురత్, ఇడ్లీ, దోసె కావాలంటే సీలోమ్ రోడ్డులోని మారియమ్మన్ కోవెల పరిసరాలు చూసుకోవాలి.

ఒక్క రోజే ఉంటే ఉదయం ప్యాలెస్ లేదా వాట్ ఫో, మధ్యాహ్నం సియామ్ నడకదారి, రాత్రి యావరాత్ సరిపోతాయి. రెండో రోజు ఉంటే ఉదయం తలాత్ నోయ్, సాయంత్రం వాట్ సాకేత్ వైపు చేర్చుకోవచ్చు. కుడీ చీన్‌ను మూడో రోజుకు ఉంచాలి. ఒకే పూటలో రెండు పేటలు కలిపే పథకాలు కాగితం మీదే అందంగా ఉంటాయి. పేటల మధ్య మెట్రో, నదిలో తిరిగే నారింజ జెండా పడవ వాడుకుని, పేట లోపల మాత్రమే నడవడం మంచిది. ఆ పడవ టికెట్ ఎంత దూరానికైనా 16 బాత్‌లే.

నెలను బట్టి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడకకు అనువైన కాలం, అయితే జనవరి నుంచి మార్చి మధ్య కొన్ని రోజులు పొగమంచులా దట్టమైన కాలుష్యం కమ్ముకుంటుంది. ఉబ్బసం ఉన్నవారు ఆ రోజు గాలి నాణ్యత చూసుకుని బయలుదేరాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వాన ఎక్కువ. అది చాలావరకు మధ్యాహ్నం తర్వాత దంచి కొట్టి, గంటలో తెరిపి ఇస్తుంది, కాబట్టి ఉదయం నడకలు చెడవు. చైనావారి శాకాహార ఉత్సవం ఆ రోజుల్లోనే తొమ్మిది దినాలు జరుగుతుంది. యావరాత్ అంతా పసుపు జెండాలతో నిండే ఆ కాలంలో మన శాకాహారులకు వాన ఇబ్బందిని మించిన లాభం ఉంది. పిల్లల వేసవి సెలవులని ఏప్రిల్‌లో వెళ్లేవారికి అన్నిటికంటే తీవ్రమైన ఎండ, దానితోపాటు 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్ పండుగ ఎదురవుతాయి. ఆ మూడు రోజులు ఖావో సాన్, సీలోమ్ వీధుల్లో నీళ్లు చల్లని మనిషి ఉండడు. తడవడం ఇష్టమైతే ఫోన్, పాస్‌పోర్ట్ ప్లాస్టిక్ సంచిలో కట్టుకుని అటే వెళ్లవచ్చు. ఇష్టం లేకపోతే ఆ రోజులకు సియామ్ మాల్స్ లోపలి నడకనే ఉంచుకుని, పాత పేటలను 16వ తేదీ తర్వాతికి జరుపుకోవాలి.